పావు బలిచ్చి దాడి: ఇంజిన్ చూపు మేలా, మనిషి చూపు మేలా?

విజయవాడలోనో గుంటూరులోనో పిల్లల చెస్ టోర్నమెంట్ జరుగుతుంటే హాలు బయట కాసేపు నిలబడి చూడండి. పాప ఆట ముగించి వచ్చేసరికి నాన్నగారు ఫోన్‌లో స్టాక్‌ఫిష్ అనే చెస్ ఇంజిన్ (ఎత్తులను లెక్కించే ప్రోగ్రామ్) తెరిచి సిద్ధంగా ఉంటారు. "ఆ గుర్రం ఎందుకిచ్చావమ్మా? మైనస్ రెండు చూపిస్తోంది." అంటే సుమారు రెండు బంట్లంత వెనకబడిందని ఇంజిన్ లెక్క. పాప గెలిచి వచ్చిందన్న సంగతి ఆయనకు ఆ తర్వాతే తెలుస్తుంది.

ఫోన్ అబద్ధం చెప్పదు, పాప ఆటా దండగ కాదు. ఇద్దరూ వెతికే తీరే వేరు.

పాత ఇంజిన్లు మొదట పావుల విలువ లెక్కపెట్టేవి: బంటుకు 1, గుర్రానికీ శకటుకూ చెరో 3, ఏనుగుకు 5, మంత్రికి 9. బలిస్తే నష్టం ఆ క్షణమే లెక్కలోకి వస్తుంది. లాభం అది వెతికే లోతుకు అవతల ఉంటే ఆ ఎత్తు పక్కకు పోతుంది. వరుసగా చెక్‌లు ఉన్న దాడిని ఇట్టే పట్టేసేవి, ఎందుకంటే చెక్‌ల దారిలో మరింత లోతుకు వెళ్లేలా వాటిని రాశారు. బలిచ్చాక మధ్యలో చప్పుడు లేని ఎత్తు, అంటే చెక్ గానీ కొట్టడం గానీ లేనిది, ఒకటి వేయాల్సి వస్తే మాత్రం తడబడేవి. 1997లో అప్పటి ప్రపంచ విజేత కాస్పరోవ్‌తో పోటీ చివరి ఆటలో ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూ గుర్రాన్ని బలిచ్చి 19 ఎత్తుల్లో గెలిచింది. సెకనుకు 20 కోట్ల స్థితులు చూసే యంత్రమే అయినా ఆ ఎత్తు అది కనిపెట్టింది కాదు, మనుషులు దాని ఓపెనింగ్ పుస్తకంలో (ఆట మొదట్లో వేయాల్సిన ఎత్తుల జాబితాలో) ముందే రాసిపెట్టింది!

మనిషి చివరి నుంచి వెనక్కి వస్తాడు. శకటుతో హెచ్7 గడిలోని బంటును కొట్టి చెక్, గుర్రం జి5కి, మంత్రి హెచ్5కి (బోర్డు మీద ఒక్కో గడికీ ఇలా అక్షరం, అంకెతో పేరు). ఈ వరుస ఒకసారి నేర్చుకున్న పిల్లకు రాజు కోట కట్టుకుని కూర్చోగానే ముందు మేట్ కనిపిస్తుంది, లెక్క తర్వాత. ప్రమాదమూ అక్కడే. హెచ్7ను మళ్లీ కాపాడగల శకటు ఒకటి అవతల ఉంటే మొత్తం తుస్సుమంటుంది, ఆ ఉత్సాహంలో అది కంటికి ఆనదు.

1999లో నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీలో బల్గేరియా ఆటగాడు తోపలోవ్ మీద కాస్పరోవ్ ఏనుగును బలిచ్చిన ఆట చూడండి. నల్లరాజు బోర్డంతా దాటి తెల్లపావుల మొదటి వరుసకు, డి1 దాకా వచ్చేసింది. ఆ ఏనుగును కొట్టకుండా రాజును బి6కి జరిపి ఉంటే నల్లకు ఇబ్బంది ఉండేది కాదని తర్వాతి విశ్లేషణ తేల్చింది. తోపలోవ్ కొట్టాడు. 1960 ప్రపంచ పోటీ ఆరో ఆటలో అప్పటి విజేత బోత్విన్నిక్ మీద సవాలుదారు తాల్ ఇచ్చిన గుర్రమూ అంతే. తర్వాత లొసుగులు దొరికాయి, ఆ రోజు మాత్రం గెలిచింది తాలే.

ఇప్పుడు "ఎవరు ఎక్కువ కనిపెడతారు" అన్న ప్రశ్నకు విలువ లేదు. 2017లో గూగుల్‌కు చెందిన డీప్‌మైండ్ ప్రోగ్రామ్ ఆల్ఫాజీరో సెకనుకు 80 వేల స్థితులే చూస్తూ, 7 కోట్లు చూసే స్టాక్‌ఫిష్‌తో 100 ఆటలాడి 28 గెలిచింది, ఒక్కటీ ఓడలేదు. పావులను లెక్కపెట్టకుండా గెలిచే అవకాశాన్ని అంచనా వేస్తుంది కాబట్టి, ఎప్పుడో వచ్చే లాభానికి కూడా బంట్లనూ పావులనూ వదిలేసేది. 2020లో స్టాక్‌ఫిష్ కూడా న్యూరల్ నెట్‌వర్క్ (ఉదాహరణల నుంచి అంచనా వేయడం నేర్చుకునే ప్రోగ్రామ్) పెట్టుకుంది. కనిపెట్టడంలో ఇక యంత్రానిదే పైచేయి.

అయినా దాని అంకెను మనం తప్పుగా చదువుతాం. గుర్రం ఇస్తే 0.00, ఇవ్వకుండా నెమ్మదిగా ఆడితే 0.80 అని చూపిస్తే నాన్నగారు రెండోదే మంచిదంటారు. సున్నా అంటే ఏమిటి? అవతలివాడు తప్పు చేయకుండా ఆడితే డ్రా అని. అందుకోసం అతను వరుసగా ఐదు ఎత్తులు, ప్రతిసారీ ఉన్న ఒక్క దారినే పట్టుకోవాల్సి రావచ్చు. ఇంజిన్ ఆ ఐదూ దొరికినట్టే లెక్కేస్తుంది. మన కోనేరు హంపి 2019లో, 2024లో ప్రపంచ టైటిల్ గెలిచిన ర్యాపిడ్‌లో ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తుకు మరో 10 సెకన్లు. ఆ టెన్షన్‌లో ఐదూ దొరకబుచ్చుకోవడం ఎంతమందికి సాధ్యం? నెమ్మదిగా ఆడిన 0.80ని గెలుపుగా మార్చడమూ ఆ టైములో తేలికేం కాదు.

మైనస్ రెండు సంగతి వేరు. అవతలివాడికి సులువైన జవాబు ఉండీ తట్టలేదంటే అది అదృష్టమే, పాపకు ఆ మాట చెప్పాల్సిందే. కాబట్టి అంకె కంటే ముందు చూడాల్సింది దాని కింద ఉన్న జవాబు: అది మనిషికి తట్టేదా, కాదా?

నా ఓటు అడిగితే, దాడి నేర్చుకునే పిల్లలకు మొదట మనిషి పద్ధతే. ఇంజిన్ ఆపేసి, బోర్డు మీద పావులు పెట్టి, బలి ఎందుకిచ్చిందో పాప చేతే రాయించాలి. ఫోన్ తీయడం ఆ తర్వాతే. డిఫెన్స్ నేర్చుకోవడానికి మాత్రం ఇంజినే మేలు. బలిచ్చిన పావును తిని, భయపడకుండా, రాజును ఒక్కో గడీ నడిపించి ఒడ్డున పడేయడం దాని దగ్గర చూసి నేర్చుకోవాల్సిందే. ఆ పని మన కోచింగ్‌లలో ఎవరూ సరిగ్గా నేర్పరు, పిల్లలకూ అంత సరదా ఉండదు.