బరంపురం నుంచి మాల్దీవులకు: పెద్దలు, పిల్లలతో ఒక దీవి రిసార్టులో

బరంపురం వాళ్లకు సముద్రం కొత్త కాదు. పదిహేను కిలోమీటర్లు వెళితే గోపాల్‌పూర్. ఆదివారం సాయంత్రం ఇసుకలో కూర్చుని, చీకటి పడ్డాక ఇల్లు చేరడం మా ఊళ్లో చాలా కుటుంబాలకు అలవాటే. అయితే అక్కడ పిల్లలను నీళ్లలోకి దింపాలంటే నాకు ఎప్పుడూ గుండె దడే. కెరటం ఒడ్డునే విరిగి పడుతుంది, వెనక్కి లాగే నీరు అంతకన్నా బలంగా ఉంటుంది. చెరో చెయ్యి పట్టుకుని చీలమండల లోతులో నిలబెట్టి వెనక్కి తెచ్చేయడమే. మాల్దీవులకు వెళ్లాలనుకోవడానికి అసలు కారణం ఇది. అక్కడ దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బ కెరటాలను బయటే ఆపేస్తుంది. లోపల నడుము లోతు నీరు నిలకడగా ఉంటుంది. మా చిన్నదానికి నాలుగేళ్లు, పెద్దవాడికి తొమ్మిది. అత్తయ్య గారు, మామయ్య గారు కూడా వస్తామన్నారు.

ముందు అండమాన్ గురించే ఆలోచించాం. పాస్‌పోర్టు అక్కర్లేదు, డాలర్ల లెక్క లేదు, పోర్ట్ బ్లెయిర్, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. సెల్యులార్ జైలు, స్వరాజ్ ద్వీప్‌లోని రాధానగర్ తీరం పిల్లలకు తప్పక చూపించాల్సినవి. కానీ అండమాన్ తిరిగి చూడాల్సిన చోటు. ఓడ ఎక్కాలి, దిగాలి, హోటలు మారాలి, మళ్లీ పెట్టెలు సర్దాలి. మామయ్య గారి మోకాళ్లకు అది భారం. లక్షద్వీప్‌కు ప్రవేశ అనుమతి కావాలి, బస చేసే చోట్లు తక్కువ, మాకు కావలసిన తేదీలకు దొరకలేదు. ఒకసారి పెట్టె విప్పితే మళ్లీ సర్దే పని ఇంటికి బయలుదేరే రోజే ఉండాలన్నది మా వారి పట్టుదల. అది మాల్దీవుల్లోనే కుదిరింది.

వేళ కూడా ముఖ్యం. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు అక్కడ పొడి కాలం. మే నుంచి నైరుతి గాలులు, వానలు మొదలవుతాయి, ధరలూ తగ్గుతాయి. మన వేసవి సెలవులు సరిగ్గా అప్పుడే వస్తాయి. క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజుల్లో చాలా రిసార్టులు విందు భోజనం పేరుతో మనిషికి ఇంత అని తప్పనిసరిగా వసూలు చేస్తాయి కాబట్టి ఆ వారం వదిలేశాం. మా ఊళ్లో రెండేళ్లకోసారి వచ్చే అమ్మవారి ఉత్సవం ఠాకురాణి యాత్ర జరిగే ఏడాది వేసవిలో ఊరు విడిచి వెళ్లడం మా ఇంట్లో కుదరదు. యాత్ర లేని ఏడాది చూసుకుని, పిల్లల పరీక్షలు ముగిసి కొత్త తరగతి మొదలయ్యే లోపు, మార్చి నెలాఖరున బయలుదేరాం.

ఒడిశాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు పాస్‌పోర్టులకు కాస్త ఎక్కువ సమయం పెట్టుకోవాలి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, ఇక్కడి రికార్డుల్లో చివర వస్తుంది. అత్తయ్య గారి ఓటరు కార్డులో ఇంటిపేరే లేదు, ఆధార్‌లో చివర ఉంది, బ్యాంకు పుస్తకంలో ఒక్క పొడి అక్షరంగా ముందు ఉంది. అన్నీ ఒక తీరుకు తెచ్చాకే దరఖాస్తు చేశాం. వీసా గురించి మాత్రం బెంగ అక్కర్లేదు. తిరుగు టికెట్టు, బస కాగితాలు చూపిస్తే మాలే విమానాశ్రయంలోనే ఉచితంగా ఇస్తారు. ప్రయాణానికి ముందు 96 గంటల లోపు ఇమూగా అనే ప్రభుత్వ వెబ్‌సైటులో పిల్లలతో సహా ప్రతి ఒక్కరి పేరునా వివరాలు నింపాలి. అది కూడా ఉచితమే. అందుకు రుసుము అడిగే వెబ్‌సైట్ల జోలికి పోవద్దు.

ఇక అసలు విషయం, తిండీ తాగేవీ గది ధరలోనే కలిసి వచ్చే ఆల్ ఇన్‌క్లూజివ్ అనే ఏర్పాటు. మాల్దీవుల్లో పర్యాటకం 1972లో కురుంబా దీవిలో మొదలైంది. అప్పటి నుంచి పద్ధతి ఒక దీవికి ఒక రిసార్టు. గేటు దాటి బయటికి వెళ్లి బిస్కెట్ పొట్లం కొనుక్కునే కిరాణా కొట్టు ఉండదు. మంచినీళ్ల సీసా దగ్గర నుంచి అంతా రిసార్టు చెప్పిన ధరకే. హాఫ్ బోర్డు అంటే పొద్దున టిఫిను, రాత్రి భోజనం. ఫుల్ బోర్డు అంటే మూడు పూటలూ, కానీ తాగేవి సాధారణంగా అందులో కలవవు. మద్యం ముట్టని ఇంటికి ఆల్ ఇన్‌క్లూజివ్ దండగ అని చాలామంది మాతో అన్నారు. కాగితం మీద లెక్క వేసి చూశాం. ఆరుగురికి నీళ్లు, కాఫీలు, పండ్ల రసాలు, పిల్లల ఐస్‌క్రీములు విడిగా కొంటే ఫుల్ బోర్డుకూ దానికీ ఉన్న తేడా చాలావరకు తీరిపోతోంది.

ధర అడిగేటప్పుడు రెండు ప్లస్ గుర్తులు ఉన్నాయేమో చూడండి. ఉంటే దాని మీద పది శాతం సర్వీసు చార్జీ, ఆ పైన పర్యాటక జీఎస్టీ పడతాయి. ఈ జీఎస్టీ 2025 జూలై నుంచి 17 శాతం. ఇవి కాక రిసార్టుల్లో హరిత పన్ను మనిషికి రాత్రికి 12 డాలర్లు. రెండేళ్లు నిండని పసిపిల్లలకు మాత్రమే మినహాయింపు. ఆరుగురికి రాత్రికి 72 డాలర్లు అంటే చిన్న మొత్తం కాదు. మేము మొదట మాట్లాడిన ఏజెంటు అన్నీ కలిపిన ధర అని ఇచ్చిన కాగితంలో పన్నూ లేదు, దీవికి తీసుకెళ్లే పడవ ఖర్చూ లేదు. అలాంటి కాగితం ఇచ్చిన వాళ్లతో బేరం కొనసాగించకపోవడమే మేలు. ప్యాకేజీ ఇక్కడ కొంటే టీసీఎస్, అంటే అమ్మేవాళ్లు ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను కూడా కడతారు, అది ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది.

దీవిని గది ఫొటోలు చూసి కాదు, చేరే దారి చూసి ఎంచుకోవాలని నా అభిప్రాయం. సీప్లేన్ పగటి వెలుతురులోనే ఎగురుతుంది. మాలేలో విమానం సాయంత్రం దిగితే ఆ రాత్రి అక్కడే మరో గది తీసుకుని ఉండిపోవాలి. సామాను మనిషికి 20 కిలోలు, చేతి సంచి 5 కిలోలు. పైనుంచి దీవులను చూడడం గొప్పగా ఉంటుందని వెళ్లివచ్చిన వాళ్లంతా చెబుతారు, నేను కాదనను. కానీ భువనేశ్వర్ నుంచి బెంగళూరు, అక్కడి నుంచి మాలే వచ్చిన పెద్దవాళ్లను ఇంకో నిరీక్షణలో కూర్చోబెట్టాలనిపించలేదు. స్పీడ్ బోటు ముప్పావు గంటలో చేర్చే దీవినే తీసుకున్నాం. పడవలో వెనక వరుసల్లో కుదుపు తక్కువ. పెద్దవాళ్లను అక్కడే కూర్చోబెట్టండి, వాంతుల మాత్ర అరగంట ముందే వేయండి.

కస్టమ్స్ వాళ్లు మద్యం, పంది మాంసంతో పాటు పూజా విగ్రహాలను కూడా దేశంలోకి రానివ్వరు. అత్తయ్య గారు ఎక్కడికి వెళ్లినా వెంట ఉండే చిన్న వెంకటేశ్వరస్వామి విగ్రహాన్ని ఇంట్లోనే ఉంచి, దీపం పెట్టే పని పక్కింటి వాళ్లకు అప్పగించి వచ్చారు. పొద్దున్నే ఇసుకలో కుర్చీ వేసుకుని విష్ణు సహస్రనామం కంఠతా చదువుకునేవారు. పెద్దవాళ్లు ఉన్న ఇళ్లలో ఈ సంగతి ముందే చెప్పాలి. విమానాశ్రయంలో తెలిస్తే చాలా బాధపడతారు.

నీటి మీది విల్లాల జోలికి మేము పోలేదు. మెట్లు నేరుగా సముద్రంలోకి దిగుతాయి, చాలాచోట్ల అడ్డు ఉండదు. కొన్ని రిసార్టులు చిన్నపిల్లలను అందులోకి అసలు అనుమతించవు, కొన్ని తల్లిదండ్రుల చేత బాధ్యత మాదేనని సంతకం పెట్టించుకుంటాయి. ఇసుక మీది విల్లా ధర తక్కువ, తలుపు తీస్తే తీరం. లోపల తలుపున్న జంట గదులు ఇస్తామని మెయిలులో రాసిన వాళ్లు, తీరా వెళ్లాక నాలుగు విల్లాల దూరంలో రెండో గది ఇచ్చారు. ఆ మెయిలు అచ్చు వేసి తీసుకెళ్లాం కాబట్టి మరునాటికి మార్చారు. మోకాళ్ల నొప్పి ఉన్న వాళ్లకు బగ్గీ, అంటే దీవిలో తిప్పే బ్యాటరీ బండి కావాలని ముందే రాయించుకోండి. భోజనాల వేళ దాని కోసం చాలాసేపు ఎదురుచూడాల్సి వచ్చింది.

తిండి గురించి వివరంగానే చెప్పాలి. బఫేలో రకాలకు కొదవ లేదు, కానీ మామయ్య గారు, అత్తయ్య గారు పూర్తి శాకాహారులు. మాల్దీవుల వంటలో ట్యూనా చేప లేని చోటు వెతుక్కోవాలి. పొద్దున టిఫినులో మస్ హుని అనే పదార్థం ఉంటుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపి తెల్లగా, పొడిపొడిగా, అచ్చం మన కొబ్బరి కోరులా కనిపిస్తుంది. అందులో సగం చేపే. అత్తయ్య గారు గరిటె పట్టుకున్నారు కూడా. కౌంటరు వెనక నిలబడిన కుర్రవాడు చెయ్యి అడ్డం పెట్టి, ఫిష్ అన్నాడు. వాళ్ల మిరపకాయ పచ్చళ్లలోనూ ఎండు చేప ఉండవచ్చు. కాబట్టి ప్రతి గిన్నె దగ్గరా అడగాలి, మొహమాటం వద్దు.

ఆ కుర్రవాడిది కేంద్రపడా. సంగతి తెలిసింది మొదలు అత్తయ్య గారు అతనితో ఒడియాలోనే మాట్లాడారు. పెద్దవాళ్లకు ఏం పడుతుంది, ఏం పడదు అని అతనే అడిగి తెలుసుకుని, వంటగదిలో పెద్ద వంటవాడికి చెప్పాడు. అక్కడి నుంచి మధ్యాహ్నం ఆవాలు, కరివేపాకు తాళింపుతో పెరుగన్నం, ఒక పూట కూరగాయలు వేసిన ఒడియా పప్పు దాల్మా బల్ల దగ్గరికే వచ్చాయి. మేము తీసుకెళ్లిన కంది పొడి, ఆవకాయ దాదాపు అలాగే తిరిగి వచ్చాయి.

డబ్బు విషయంలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి. ధర తెలిస్తే అత్తయ్య గారు తినరు. భువనేశ్వర్ విమానాశ్రయంలో పలక మీద ఇడ్లీ ధర చదివి, ఆకలి లేదని కూర్చున్నారు. దీవిలో వచ్చిన మరునాడే కొబ్బరిచెట్ల కింద ఉన్న బార్ దగ్గరికి ఒక్కరే నడిచి వెళ్లి కాఫీ తెచ్చుకున్నారు. తర్వాత మామయ్య గారికి నిమ్మరసం, పిల్లలకు ఐస్‌క్రీం. ‘ఇది ఎంతమ్మా?’ అని నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. ఫుల్ బోర్డు తీసుకుని ఉంటే ఆవిడ గదిలోని నీళ్లతోనే సరిపెట్టుకునేవారు. కొన్ని వందల డాలర్లు మిగలవచ్చేమో, ఆ కాఫీ మాత్రం దక్కేది కాదు.

పిల్లలకు ఖర్చు లేని సంబరాలే ఎక్కువ. సాయంత్రం చెక్క వంతెన దగ్గర మూరెడు పొడవు సొరచేప పిల్లలు, రెక్కలాడిస్తూ టేకు చేపలు ఒడ్డు దాకా వస్తాయి. తెల్ల ఇసుక మిట్టమధ్యాహ్నం కూడా కాళ్లు కాలనివ్వదు. ఆ ఇసుకలో చాలా భాగం చిలుక చేపలు పగడాన్ని కొరికి తిని విసర్జించినదేనని పెద్దవాడికి పిల్లల క్లబ్బులో చెప్పారు. అప్పటి నుంచి వాడు నీళ్లలో ముఖం పెట్టి చేపలు కొరికే చప్పుడు వినడానికే చూశాడు. నిజంగానే వినిపిస్తుంది. పగడం పదును కాబట్టి రబ్బరు బూట్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి. పగడపు ముక్కలు దేశం దాటించడం నిషేధం. పిల్లల జేబులు చూసుకోవాలి.

రిసార్టు గడియారం మాలే కన్నా గంట ముందు ఉండవచ్చు. మాది అలాగే ఉంది. మాలే సమయం మనకన్నా అరగంట వెనక. మామయ్య గారి చక్కెర జబ్బు మాత్రల వేళకు, తిరుగు పడవ వేళకు ఏ గడియారం అన్నది మొదటి రోజే అడిగి రాసి పెట్టుకున్నాం. డాల్ఫిన్ల పడవ ప్యాకేజీలో లేదు, విడిగా కట్టాం. గాలి ఎక్కువై రద్దయింది, డబ్బు వాపసు కోసం రిసెప్షనులో రెండుసార్లు గుర్తు చేయాల్సి వచ్చింది.

గది మధ్యాహ్నం పన్నెండుకు ఖాళీ చేయాలి. విమానం సాయంత్రమైతే స్నానానికి, పెద్దవాళ్లు నడుం వాల్చడానికి వేరే గది ఇస్తారు, అడిగితేనే ఇస్తారు. బిల్లు మాత్రం ముందు రోజు రాత్రే తెప్పించుకోండి. మా దాంట్లో ఎవరూ చేయించుకోని మర్దన ఒకటి చేరింది. చెప్పగానే కొట్టేశారు. పడవ ఎక్కే వేళ అయి ఉంటే ఆ కాగితం చదివే తీరిక మాకు ఉండేది కాదు.