తుఫాను యాప్‌కి మూడు స్టార్లు, ఆ సీజన్ పేజీ లేకపోతే నాలుగిచ్చేవాణ్ణి

ఏడాది చందా కట్టి ఒక వాతావరణం యాప్ వాడుతున్నా, పేరు చెప్పను. మాది ఉద్దానం, పలాస దగ్గర, కొబ్బరీ జీడీ తోటలు. 2018 అక్టోబరు 11 తెల్లారకట్ల తిత్లీ తుఫాను మా పక్కనే తీరం దాటింది, ఆ రోజు తోటలో నిలబడ్డ చెట్లని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాం, అప్పట్నుంచి అక్టోబరు వస్తే గాలి మ్యాపు చూడకుండా నిద్రపట్టదు.

ఆ గాలి మ్యాపు మాత్రం సూపర్ అండి. బంగాళాఖాతంలో సుడి కట్టడం మా అయ్యకి కూడా అర్థమైపోద్ది. సముద్రం వేడి మ్యాపు కూడా ఉంది, 26.5 డిగ్రీలు దాటితే తుఫానుకి మేత దొరికినట్టే అంటారు, కానీ అక్టోబరులో మన బంగాళాఖాతమంతా ఎర్రగానే ఉంటది, మరి వారానికో తుఫాను ఎందుకు రాదంటే పైగాలి కిందిగాలి చెరోవైపు లాగితే సుడి నిలబడదు. ఇది ఈ యాప్ చూసే నేర్చుకున్నా.

చిరాకు ఎక్కడంటే సీజన్ అంచనా పేజీ. ఎల్‌నినో అనగానే పచ్చ టిక్కు పెట్టి ‘రిస్కు తక్కువ’ అంటాది. ఎల్‌నినో అంటే పసిఫిక్‌లో నడిమధ్య నుంచి తూర్పుదాకా నీళ్లు వేడెక్కడం, అప్పుడు మేఘాలు అటు జరుగుతాయి, మనవైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్లు తగ్గే మొగ్గు ఉంటది, అవే నీళ్లు చల్లబడే లానినా అయితే ఉల్టా, ఇదంతా కరెక్టే. హిందూ మహాసముద్రం డైపోల్ పాజిటివ్ అయితే, అంటే తూర్పు కంటే పడమటి నీళ్లు ఎక్కువ వేడెక్కితే, అరేబియా వైపు జోరు, 2019లో అదే జరిగింది. కానీ తిత్లీ ఎప్పుడొచ్చిందేటి? ఎల్‌నినో ముదురుతున్న ఏడాదే, డైపోల్ కూడా పాజిటివే! సముద్రం మొత్తానికి తుఫాన్లు తగ్గితే మా తోటకి ఏటి లాభం, మాకు ఒక్కటి చాలు కదా. ఆ టిక్కు చూసి మా అయ్య ‘ఈ ఏడు కొమ్మలు కొట్టక్కర్లేదేమోరా’ అన్నాడు, నాకు ఒళ్లు మండింది.

తెలుగు కూడా ఘోరం, తీరం దాటడాన్ని ‘భూమి పతనం’ అని రాశారు, చదివి ఇంటిల్లిపాదీ నవ్వాం. ఎలర్టు సైలెంట్‌లో మోగదు, సెట్టింగ్ మార్చుకోండి.

గాలి మ్యాపు కోసం చందా మళ్లీ కడతా. తోటలో పని ఆపాలా వద్దా అన్నదానికి మాత్రం కళింగపట్నం పోర్టులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారో అదే చూస్తా.