నయీంనగర్ డిటైలింగ్ షాపు: మెషిన్ పట్టే ముందు రంగు మందం కొలిచారు

నాది 2017 మోడల్ తెల్ల స్విఫ్ట్. డ్యూటీలో ఉన్నంతసేపూ కాజీపేట జంక్షన్ దగ్గర, పట్టాల పక్కనున్న ఖాళీ జాగాలోనే నిలిపి ఉంటుంది. కొంతకాలంగా బానెట్ మీద, టాప్ మీద సన్నటి తుప్పురంగు చుక్కలు కనిపిస్తున్నాయి. ఎంత కడిగినా పోవు, చేత్తో తడిమితే గరుకుగా తగులుతాయి. ఒకచోట చూపిస్తే ‘కాంపౌండ్ (రంగు పై పొరను అరగదీసే గరుకు పాలిష్) కొడితే పోతాయి’ అంటూ అప్పటికప్పుడు రోటరీ పాలిషింగ్ మెషిన్ బయటికి తీశారు. వద్దని చెప్పి వచ్చేశాను. తర్వాత తోటి ఉద్యోగి చెబితే హన్మకొండ నయీంనగర్‌లో ఉన్న ఈ డిటైలింగ్ షాపుకు, అంటే బండిని లోతుగా శుభ్రం చేసి మెరుగుపెట్టే చోటికి, వచ్చాను.

"రేకు తుప్పు పట్టిందా తమ్మీ?" అని అడిగాను. షాపు అబ్బాయి చుక్కల మీద వేలు ఆనించి చూసి, "రేకుకు ఏం కాలే సార్. బండి రైలు పట్టాల దగ్గర పెడ్తరా?" అన్నాడు. రైలు బ్రేకులు పట్టినప్పుడు, చక్రాలు పట్టాల మీద రాసుకున్నప్పుడు కంటికి కనపడనంత ఇనుప పొడి లేస్తుంది. అది రంగు మీద కూర్చుని అక్కడే తుప్పు పడుతుంది. అతను బానెట్ మీద ఇనుప పొడిని కరిగించే ఐరన్ రిమూవర్ కొట్టాడు. కుళ్ళిన గుడ్ల వాసన వచ్చింది. కాసేపటికి ప్రతి చుక్క దగ్గరా ఊదారంగు దిగి, సన్నటి ధారలుగా కిందికి జారింది. తెల్ల బండి కాబట్టి స్పష్టంగా కనిపించింది. అది ఎండిపోకముందే నీళ్ళు కొట్టి కడిగేశాడు. మొండిగా మిగిలిన వాటిని క్లే బార్‌తో (బంకమట్టి లాంటి మెత్తటి ముద్ద) తీశాడు. పైన షాంపూ నీళ్ళు ధారాళంగా చల్లుతూ, ఒత్తిడి పెట్టకుండా జరపాలి. మురికి పట్టగానే క్లేను మడిచి శుభ్రమైన వైపు తిప్పుకోవాలి. ఈ చుక్కలకు కాంపౌండ్ కొడితే ఆ ఇనుప పొడే ప్యాడ్‌లో చిక్కుకుని బండంతా గీస్తుంది. నేను భయపడింది కూడా అందుకే.

కడగడం గురించి కూడా చెప్పాలి. బండిని నీడలో పెట్టి, రేకు చల్లారేదాకా ఆగారు. ముందు నురుగు కొట్టి దుమ్మును నాననిచ్చి, నీళ్ళతో దించేశారు. తర్వాతే గ్లవ్‌తో తుడిచారు. షాంపూకు ఒక బకెట్, గ్లవ్ జాడించడానికి ఇంకొకటి, మురికి కిందే ఆగేలా రెండింటి అడుగునా జల్లెడ లాంటి జాలీ. పైనుంచి కిందికి వచ్చారు, బంపర్ కిందిభాగం ఆఖరున. మధ్యలో ఒక మైక్రోఫైబర్ గుడ్డ నేల మీద పడింది. పనిచేస్తున్న కుర్రాడు దాన్ని దులిపి మళ్ళీ వాడలేదు, టైర్లు తుడిచే గుడ్డల బకెట్లో వేసి కొత్తది తీసుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే చేశాడు. మామూలు వాషింగ్ సెంటర్లలో ఒకే గుడ్డతో చక్రాలూ డోర్లూ తుడుస్తారు. ఎండలో నిలబెట్టి చూస్తే సాలెగూడులా కనిపించే గుండ్రటి గీతలు చాలావరకు అలా వచ్చినవే.

ఇక పాలిష్. మెషిన్ పట్టే ముందు గేజ్‌తో రంగు మందం కొలిచారు. బానెట్ మీద నూటపది మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గర చూపించింది. కుడి ఫెండర్ మీద రెండు వందలు దాటింది, అక్కడ ఇంతకుముందు ఒకసారి మళ్ళీ రంగు వేయించాం. బంపర్ ప్లాస్టిక్ కాబట్టి ఆ గేజ్ పనిచేయదు. రంగు మీద ఉండే పారదర్శకమైన పై పొర క్లియర్ కోట్, సాధారణంగా నలభై యాభై మైక్రాన్లే ఉంటుంది. పాలిష్ చేసిన ప్రతిసారీ దాంట్లోంచే కొంత పోతుంది. ఒకసారి పోయింది మళ్ళీ రాదు. అందుకే ఎంత తక్కువ తీసి పని కానిచ్చారన్నదే నేను చూసేది.

వీళ్ళు అంచులకు, రబ్బర్లకు టేప్ వేసి, బానెట్ మీద అడుగు జాగాలో ముందు పరీక్షించారు. మెత్తటి ఫోమ్ ప్యాడ్, సన్న పాలిష్, తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డ్యూయల్ యాక్షన్ మెషిన్. దానితోనే గీతలు చాలావరకు పోయాయి కాబట్టి కాంపౌండ్ జోలికి పోలేదు. తర్వాత ఆల్కహాల్ కలిపిన నీళ్ళతో తుడిచి, టార్చ్ వేసి చూపించారు. పాలిష్‌లోని నూనె గీతలను కప్పి ఉంచుతుంది, అది తుడిచేస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. ఎడమ డోర్ మీద ఒక లోతు గీత ఉంది. "గోరు పెట్టి చూడుండ్రి సార్, గీతల ఇరుక్కుంటది. దీన్ని తియ్యాలంటే క్లియర్ కోట్ మొత్తం పోతది. ఉండనీయండి" అన్నాడు ఆ షాపు అబ్బాయి. గీత మీద కొద్దిగా టచప్ రంగు వేసి వదిలేశారు. పైసల కోసం దాన్ని కూడా రుద్దుతామని అనలేదు, నాకు అన్నిటికంటే అదే నచ్చింది.

లోపాలు లేకపోలేదు. సాయంత్రం ఇస్తామన్న బండి మర్నాడు మధ్యాహ్నం ఇచ్చారు. నంబర్ ప్లేట్ సందుల్లో తెల్ల పాలిష్ పొడి మిగిలిపోతే నేనే మెత్తటి బ్రష్‌తో తీసుకున్నాను. కూర్చోవడానికి రెండు ప్లాస్టిక్ కుర్చీలే. వాక్స్‌తో కలిపి 6,500 రూపాయలు తీసుకున్నారు. ఈ పనికి ఎక్కువేమీ కాదనిపించింది. సిరామిక్ కోటింగ్ (రంగు మీద వేసే గట్టి రక్షణ పొర) ధర కూడా చెప్పారు కానీ, అది వేయించినా ఇనుప పొడి పడుతూనే ఉంటుందనీ, పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయనీ వాళ్ళే చెప్పారు. బండి ఎలాగూ ఆరుబయటే ఉంటుంది కాబట్టి వేయించుకోలేదు.

దసరాకు బండి పూజ చేసి బానెట్ మీద పెట్టే బొట్లను ఎండాక గోకవద్దని, తడిగుడ్డ పరిచి నానబెట్టి తీయమని కూడా చెప్పారు. పండుగ ముందు ఇక్కడ రద్దీ ఉంటుందట. వెళ్ళాలనుకుంటే ముందే ఫోన్ చేసి, పొద్దున్నే బండి అప్పగించండి. గేజ్ రీడింగులు కాగితం మీద రాసిమ్మని అడగండి, అడిగితే ఇస్తున్నారు.