పద్దెనిమిదేళ్ళ బర్బన్ రుచి చూద్దామని కెంటకీకి

చికాగో నుంచి కారులో వెళ్ళేవాళ్ళకి ముందుగా రెండు మాటలు. కెంటకీలోని లూయివిల్ దాదాపు 300 మైళ్ళు. ఐదు గంటల్లో చేరిపోతాం కానీ, బర్బన్ తయారుచేసే ఈ డిస్టిలరీల ఊళ్ళన్నీ చికాగో కంటే గంట ముందుండే ఈస్టర్న్ టైమ్‌లో ఉంటాయి. అంటే దారిలోనే గంట ఎగిరిపోతుంది. టూర్లు బుక్ చేసేటప్పుడు అది లెక్కలో పెట్టుకోండి. రెండోది, తాగని మనిషి ఒకరు వెంట ఉండాలి. మాకు మా బావమరిది ఉన్నాడు, స్టీరింగ్ అతనికే అప్పజెప్పాం. వీసా మీద ఉన్నవాళ్ళు తాగి నడుపుతూ దొరికితే కోర్టు, జరిమానాతో పోదు. వీసా రద్దయ్యే దాకా వెళ్తుంది.

మేం వెళ్ళింది ఒక్క సందేహం తీర్చుకోవడానికి. బర్బన్ అంటే అమెరికా విస్కీ. సీసా మీద 12, 15, 18 అని, పీపాలో నిలవ ఉంచిన ఏళ్ళు పెరిగేకొద్దీ ధర కొండెక్కుతుంది. రుచి కూడా అంతే ఎక్కుతుందా?

మొదట ఫ్రాంక్‌ఫర్ట్‌లోని బఫెలో ట్రేస్. టూరుకి డబ్బులు తీసుకోరు. అందుకే స్లాట్లు తొందరగా అయిపోతాయి, ముందే పట్టుకోవాలి. ఎర్ర ఇటుకల గోదాముల గోడలు నల్లగా మసి పట్టినట్టుంటాయి. అది మసి కాదు, పీపాల్లోంచి ఆవిరయ్యే ఆల్కహాల్ మీద బతికే బూజు. లోపల అడుగుపెట్టగానే తడి చెక్క, వనిల్లా కలిసిన వాసన ఒక్కసారిగా తగులుతుంది. మా ఆవిడ అక్కడి నుంచి కదలనంది. నాకు అసలు సంగతి బుర్రకెక్కింది కూడా ఈ గోదాముల్లోనే.

బర్బన్ అనాలంటే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలో పెట్టాలి. ప్రతిసారీ కొత్తదే. స్కాచ్ వాళ్ళు ఎక్కువగా వాడేది ఒకసారి వాడేసిన పీపాలు, వాటిలో చాలావరకు ఇక్కడి నుంచి వెళ్ళినవే. కొత్త చెక్క తనలో ఉన్నదంతా త్వరగా వదిలేస్తుంది. పైగా కెంటకీ ఎండలకి సారా చెక్కలోకి ఇంకుతుంది, చలికాలం మళ్ళీ బయటికొస్తుంది. కాబట్టి పద్దెనిమిదేళ్ళ స్కాచ్‌కీ పద్దెనిమిదేళ్ళ బర్బన్‌కీ పోలిక పెట్టకూడదు. ఆవిరైపోయేదాన్ని వీళ్ళు దేవదూతల వాటా అంటారు. అన్నేళ్ళయ్యేసరికి పీపాలో సగం కూడా మిగలకపోవచ్చు. మనం కట్టే ధరలో దేవదూతలు తాగిన దానికీ బిల్లు ఉంటుందన్నమాట.

వెతికినా దొరకని బర్బన్ అని పేరున్న ప్యాపీ వాన్ వింకిల్ 23 ఏళ్ళది ఇక్కడి షాపులో దొరుకుతుందేమోనని ఆశ పెట్టుకోకండి.

లారెన్స్‌బర్గ్‌లో ఫోర్ రోజెస్ స్పానిష్ పద్ధతిలో కట్టిన పసుపు రంగు భవనం, ఫొటోలకి బావుంటుంది. రెండు రకాల ధాన్యం మిశ్రమాలు, ఐదు రకాల ఈస్ట్, మొత్తం పది రెసిపీలు. వీళ్ళ గోదాములు ఒకే అంతస్తు. మిగతా చోట్ల పై అంతస్తు పీపాలు వేడికి తొందరగా ముదురుతాయి, కింది అంతస్తువి నిదానంగా. ఆ తేడా ఇక్కడ తక్కువ. లొరెటోలో మేకర్స్ మార్క్ వాళ్ళు సీసాని ఎర్ర మైనంలో మనచేతే ముంచనిస్తారు. పిల్లలతో వెళ్ళినవాళ్ళకి అది సరదా. మాకు తోట నచ్చింది, అంతే.

అసలు పరీక్ష బార్డ్స్‌టౌన్‌లో. ఎలైజా క్రెయిగ్ బర్బన్ అమ్మే హెవెన్ హిల్ వాళ్ళది ఈ ఊరే. 1996లో వాళ్ళ గోదాములు తగలబడి సుమారు 90,000 పీపాలు పోయాయి. మేం వెళ్ళిన రోజు సాయంత్రం ఒక చిన్న బార్‌లో మూడు గ్లాసులు పక్కపక్కనే పెట్టించుకున్నాం: ఎలైజా క్రెయిగ్ స్మాల్ బ్యాచ్ (94 ప్రూఫ్), నాబ్ క్రీక్ 12 ఏళ్ళది (100 ప్రూఫ్), ఎలైజా క్రెయిగ్ 18 ఏళ్ళది (90 ప్రూఫ్). ప్రూఫ్‌లో సగం ఆల్కహాల్ శాతం. పద్దెనిమిదేళ్ళది ఒక్క పెగ్గు రేటుకి ఇంకొంచెం వేస్తే పన్నెండేళ్ళది సీసానే వచ్చేది.

ముక్కు గ్లాసులో దూర్చి పీల్చకండి, ఆల్కహాల్ ఘాటు తప్ప ఏమీ తెలియదు. నోరు కాస్త తెరిచి, గ్లాసు గడ్డం దగ్గర పెట్టి మెల్లగా పైకి తేవాలి. స్మాల్ బ్యాచ్ తీపిగా, తేలిగ్గా ఉంది. నాబ్ క్రీక్ ముందు కాస్త కరిచింది. రెండు చుక్కల నీళ్ళు వేశాక ముదురు పాకం, లవంగం, చివర్లో కాల్చిన చెక్క, ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. మింగాక ఛాతీలో వెచ్చదనం చాలాసేపు నిలిచింది. దాన్ని వీళ్ళు కెంటకీ హగ్ అంటారు. పద్దెనిమిదేళ్ళది వాసనకి మాత్రం మూడింట్లోకీ గొప్పది: ఎండు ద్రాక్ష, తోలు, పాత పుస్తకాలు. నోట్లో వేసుకుంటే మొదట నున్నగా ఉంది, తర్వాత ఎక్కువసేపు మరిగించిన టీలా నాలుక మీద వగరు. నీళ్ళు వేస్తే చప్పబడింది.

"బావా, మరి ఏది బావుంది?" అని సోడా తాగుతూ బావమరిది.

"వాసనకి పద్దెనిమిది, తాగడానికి పన్నెండు" అంది మా ఆవిడ నాకంటే ముందే. నాదీ అదే ఓటు. పీపా పీపాకీ తేడా ఉంటుంది కాబట్టి ఇంకో పద్దెనిమిదేళ్ళది ఇంతకంటే బావుండొచ్చు. కానీ సీసా కొనేముందు ఒక పెగ్గు తాగి చూడాల్సిందే.

బసకి వస్తే, లూయివిల్ డౌన్‌టౌన్ హోటల్లో రూమ్ రేటు పర్లేదనిపించింది గానీ పార్కింగ్, ఏదో డెస్టినేషన్ ఫీజు కలిపి చివర్లో బాదేశారు. బార్డ్స్‌టౌన్‌లో దిగిన పాత ఇంటి బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌కి లిఫ్ట్ లేదు, మెట్లు కిర్రుమంటాయి. కానీ మేం మాంసం తినం అని రాత్రి చెబితే పొద్దున్నే వేడి బిస్కెట్లు (మన బిస్కెట్లు కాదు, మెత్తటి బన్నుల్లాంటివి), జామ్, గుడ్లు సిద్ధం. మళ్ళీ వెళ్తే అక్కడే మకాం, ఎందుకంటే డిస్టిలరీలు దగ్గర, బార్‌ నుంచి నడిచి రావచ్చు. శాకాహారులకి లంచ్ మాత్రం ఇబ్బందే. లూయివిల్ పేరు చెప్పగానే అందరూ తినమనే హాట్ బ్రౌన్ శాండ్‌విచ్‌లో టర్కీ, బేకన్ ఉంటాయి. కారులో పులిహోర డబ్బా పెట్టుకోండి.

ఇండియా తీసుకెళ్ళేవాళ్ళకి: డ్యూటీ లేకుండా మనిషికి 2 లీటర్లు. 750 ఎంఎల్ సీసాలు రెండే పడతాయి, మూడోది పెడితే డ్యూటీ. 140 ప్రూఫ్ దాటిన సీసాల్ని విమానంలో ఎక్కించరు, అలాంటివి కూడా ఇక్కడి షాపుల్లో ఎదురుపడతాయి. లేబుల్ మీద ఏళ్ళే కాదు, ప్రూఫ్ కూడా చూసి కొనండి.