కొల్లేటి కాలువలపై డ్రోన్: మూడేళ్ల వాడకం తర్వాత

కొల్లేటిలో కలిసే కాలువల మీద, అభయారణ్యం హద్దులకు బయటనున్న ఊరచెరువుల మీద గుర్రపుడెక్క తొలగించే పనికి మూడేళ్లుగా ఒక చిన్న డ్రోన్‌ను వాడుతున్నాను. బరువు రెండు కిలోల లోపే. మామూలు కెమెరాతో పాటు ఆకుపచ్చ, ఎరుపు, రెడ్ ఎడ్జ్ (ఎరుపుకూ పరారుణానికీ నడుమ ఉండే కాంతి), పరారుణ కాంతులను విడివిడిగా పట్టే నాలుగు కెమెరాలు దీనికి ఉన్నాయి.

పరారుణ కాంతిని నీరు దాదాపు పూర్తిగా పీల్చుకుంటుంది, పచ్చని ఆకు మాత్రం బాగా వెనక్కి పంపుతుంది; అందువల్ల నీటిపై తేలే మొక్క పటంలో స్పష్టంగా వేరుపడుతుంది. అయితే అది గుర్రపుడెక్కో తామరో తేల్చడం ఈ యంత్రానికి చేతకాలేదు. దోనెలో తిరిగి, ఎక్కడ ఏ మొక్క ఉందో ఫోన్‌లో గుర్తించుకుని పటంతో సరిపోల్చిన తర్వాతే రెండో ఏట నమ్మదగిన ఫలితం వచ్చింది. నీటి అడుగున పెరిగే నాచు విషయంలో ఇప్పటికీ ఆశలేదు.

పొలాల సర్వేకు నడిమధ్యాహ్నం మంచిదంటారు గానీ, నీటి మీద ఆ వేళ ఎండ మెరుపు తప్ప మరేమీ కనబడదు. మేము ఉదయం తొమ్మిదిన్నర లోపే ముగిస్తాము. గుర్తులేవీ లేని ఖాళీ నీటి ఫోటోలను సాఫ్ట్‌వేర్ ఒకే పటంగా అతికించజాలదు కాబట్టి, ప్రతి వరుసలోనూ గట్టు కొంతైనా కనబడేలా దారి గీసుకోవాలి. మొదటి ఏడాది దోనె మీది నుంచే ఎగరవేశాము. బ్యాటరీ తగ్గగానే డ్రోన్ బుద్ధిగా బయలుదేరిన చోటికే వచ్చింది, కానీ అప్పటికి దోనె గాలికి కొట్టుకుపోయింది. రిమోట్‌తో మళ్లించకపోతే అది ఆ రోజే నీటిపాలయ్యేది. అప్పటి నుంచి గట్టు మీది నుంచే ఎగరవేస్తున్నాము.

దీనికి పెట్టిన డబ్బు గిట్టుబాటైంది యంత్రాలతో డెక్క తీయించిన తర్వాత. అనుకూలమైన నీటిలో ఈ మొక్క పిలకలు వేస్తూ రెండు వారాల్లోనే రెట్టింపు కాగలదు, విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. గట్టు మీద నిలబడి చూస్తే కాలువ శుభ్రంగానే కనిపిస్తుంది. జమ్ము వెనుక చాప వెడల్పున దాగిన గుబురును పైనుంచి చూస్తేనే పట్టుకోగలము. పదిహేను రోజులకొకసారి ఎగరవేసి, ఆ గుబుర్ల స్థానాలను కూలీల ఫోన్లకు పంపి, చేత్తోనే తీయిస్తున్నాము.

మందు చల్లే పెద్ద డ్రోన్ తెమ్మని కొందరు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. మందుకు చచ్చిన డెక్క నీటిలోనే కుళ్లి ప్రాణవాయువును లాగేస్తే చేపలు తేలిపోతాయి, గాలివాటుకు ఆ మందు పక్క చేపల చెరువుల్లో పడినా జవాబు చెప్పవలసింది మనమే.

పక్షుల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. గూడబాతులు గూళ్లు కట్టే నెలల్లో ఆటపాక వైపున్న కాలువల జోలికి పోము. మిగతా చోట్ల గద్ద కనిపిస్తే వెంటనే దించేస్తాము.

308 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం మొత్తాన్ని డ్రోన్‌తో కొలవాలనుకోవడం వృథా. పది మీటర్ల స్పష్టతతో ఉచితంగా దొరికే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఆ పనికి చాలు. ఒకే ఊరచెరువు కోసమైతే కొనవద్దు, నెలకు రెండుసార్లు అద్దెకు పిలిపించుకోండి. మా దానికి ఇప్పటికే రెండు బ్యాటరీలు మార్చాము.