సరీసృపాల పెట్టెకు థర్మోస్టాట్: పాడైన రోజున ఏం చేస్తుందో చూసి కొనాలి

మిన్నెసోటాలోని మా ఇంట్లో ఒక బాల్ పైథాన్ పాము, ఒక లెపర్డ్ గెకో బల్లి పెరుగుతున్నాయి. చలికాలంలో బయట ఎంత గడ్డకట్టినా ఇంటి లోపల మేము 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంచుతాము. పైథాన్ పెట్టెలో వెచ్చని వైపున మాత్రం 32 డిగ్రీలు, గెకో వచ్చి పడుకునే పలక రాయి మీద 34 డిగ్రీలు ఉండాలి. ఈ తేడాను ఏడాది పొడవునా, మేము ఇంట్లో ఉన్నా లేకపోయినా, నిలబెట్టవలసింది థర్మోస్టాటే. మొదట ఒక చవక ఆన్-ఆఫ్ పరికరాన్ని, ఆ తరువాత ఇప్పటివరకు స్పైడర్ రోబోటిక్స్ వారి హెర్ప్‌స్టాట్ 2ను కొన్నేళ్లుగా వాడిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. కొనేవారు చాలామంది అడిగే మొదటి ప్రశ్న ఉష్ణోగ్రతను ఎంత కచ్చితంగా నిలుపుతుందని. నేను దాన్ని రెండో ప్రశ్నగా పెడతాను. పరికరం పాడైన రోజున హీటర్ ఆగిపోతుందా, కాలుతూనే ఉంటుందా అన్నది మొదట తేలాలి.

ఎందుకంటే సరీసృపాలు తమ ఒంటి వేడిని తాము తయారు చేసుకోలేవు, చుట్టూ ఉన్నదాన్నే తీసుకుంటాయి. పైగా కడుపు కింది నుంచి వచ్చే వేడి మరీ ఎక్కువైనా అవి వెంటనే పక్కకు జరగవు. చర్మం కాలుతున్నా పాము అక్కడే చుట్టుకుని పడుకోగలదు. నియంత్రణ లేకుండా ప్లగ్గులో పెట్టిన హీట్ మ్యాట్ (పెట్టె అడుగున పరిచే పలచని హీటర్) మీద బెరడు పొట్టు మందంగా పరిస్తే, కింద గాజు 45 డిగ్రీలు దాటడం వింత కాదు. చలి ఎక్కువైతే జంతువు మందగిస్తుంది, తిండి మానేస్తుంది, మనకు సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది. వేడి ఎక్కువైతే కొన్ని గంటల్లోనే ప్రాణం పోతుంది. కాబట్టి ఏదో ఒక వైపు తప్పక తప్పనప్పుడు, పరికరం చల్లదనం వైపే తప్పాలి.

ఏ థర్మోస్టాట్ కావాలన్నది హీటర్‌ను బట్టి ఉంటుంది. ఆన్-ఆఫ్ రకం, పెట్టిన ఉష్ణోగ్రత రాగానే కరెంటును పూర్తిగా ఆపి, ఒకటి రెండు డిగ్రీలు తగ్గాక మళ్లీ ఇస్తుంది. హీట్ మ్యాట్‌కు ఇది సరిపోతుంది. హాలోజెన్ బల్బుకు పెడితే పగలంతా దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, జంతువు బెదురుతుంది, బల్బు కూడా త్వరగా పోతుంది. పల్స్ ప్రపోర్షనల్ రకం కరెంటును చిన్న చిన్న విడతలుగా పంపుతుంది కనుక సెరామిక్ ఎమిటర్, రేడియంట్ ప్యానెల్ వంటి వెలుతురు లేని హీటర్లకు బాగుంటుంది. డిమ్మింగ్ రకం, ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పినట్టు కరెంటును కొద్దికొద్దిగా పెంచి తగ్గిస్తుంది. హాలోజెన్‌కు ఇదే సరైనది. అతినీలలోహిత (యూవీబీ) కాంతినిచ్చే ట్యూబులను, మెర్క్యురీ వేపర్ బల్బులను వీటిలో దేనికీ తగిలించకూడదు. యూవీబీకి టైమర్ చాలు.

మొదట్లో పైథాన్ పెట్టె కింది మ్యాట్‌కు వాడిన ఆన్-ఆఫ్ పరికరం చాలాకాలం బాగానే పనిచేసింది. ఒక రాత్రి, పెట్టెలో విడిగా ఉంచిన థర్మామీటర్ అలారం మోగింది. వెళ్లి చూస్తే నేల 41 డిగ్రీలు. థర్మోస్టాట్ తెర మీద కూడా 41 అనే ఉంది, దాని పక్కన హీటింగ్‌ను సూచించే చిన్న దీపం ఆరిపోయి ఉంది. అంటే పరికరం తన లెక్క ప్రకారం హీటర్‌ను ఎప్పుడో ఆపేసింది, మ్యాట్‌కు మాత్రం కరెంటు వెళుతూనే ఉంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే లోపల కరెంటును కలిపి తెంచే స్విచ్ అయిన రిలేలోని కాంటాక్టులు ఒకదానికొకటి అతుక్కుపోయాయని తేలింది. పాము ఆ సమయానికి చల్లని వైపు నీళ్ల గిన్నెలో ఉండడం వల్ల దానికి ఏమీ కాలేదు.

ఆ పరికరం ప్రత్యేకంగా నాసిరకమని నేను అనను. రిలే ఐదు నిమిషాలకు ఒకసారి కలుస్తుందనుకుంటే ఏడాదిలో ఆ సంఖ్య లక్ష దాటుతుంది. చిన్న రిలేలకు నిండు లోడు మీద తయారీదారులు చెప్పే ఆయుర్దాయం తరచుగా లక్ష సార్ల దగ్గరే ఉంటుంది. కలిసిన ప్రతిసారీ కాంటాక్టుల మధ్య చిన్న నిప్పురవ్వ పుడుతుంది, లోహం కొంచెం కరుగుతుంది, చివరికి ఒకసారి అతుక్కుని విడిపోదు. డిమ్మింగ్, పల్స్ రకాల్లో రిలేకు బదులు ట్రయాక్ అనే, కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ స్విచ్ ఉంటుంది. అరుగుదల దానికి లేకపోయినా, కాలిపోయినప్పుడు అది కూడా సాధారణంగా షార్ట్ అయి హీటర్‌ను పూర్తిగా వెలిగించి వదిలేస్తుంది. పెట్టె మీద ఎన్ని సదుపాయాలు అచ్చు వేసినా ఈ ఒక్క సంగతి గురించి రాసేవారు తక్కువ. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

హెర్ప్‌స్టాట్‌ను ఎంచుకోవడానికి కారణం ఇదే. అందులో ట్రయాక్ చెడిపోయి వేడి హద్దు దాటితే కరెంటును విడిగా తెంచడానికి ఒక సేఫ్టీ రిలే ఉంది. అది రోజంతా కలుస్తూ విడిపోతూ ఉండదు కాబట్టి అరిగిపోయే అవకాశం తక్కువ. ఈ నమూనాకు రెండు ప్లగ్గులు, వాటికి రెండు వేర్వేరు ప్రోబ్‌లు, అంటే ఉష్ణోగ్రతను కొలిచే కొన ఉన్న తీగలు. ఒకదాన్ని గెకో హాలోజెన్ కోసం డిమ్మింగ్‌లో, రెండోదాన్ని మ్యాట్ తీసేసి పైకప్పుకు బిగించిన రేడియంట్ ప్యానెల్ కోసం పల్స్‌లో పెట్టాను. కొన్న రోజునే చేసిన పరీక్ష, మీరూ ఏ పరికరానికైనా చేయదగినది, ఒకటుంది: పెట్టెలో జంతువు లేనప్పుడు హీటర్ పనిచేస్తుండగా ప్రోబ్ తీగను లాగేయండి. హెర్ప్‌స్టాట్ వెంటనే లోపం చూపించి, కూత పెట్టి, కరెంటు ఆపేసింది. ఈ పరీక్షలో హీటర్ ఆగకపోతే ఆ పరికరాన్ని దుకాణానికి తిరిగి పంపేయడమే మంచిది.

రోజువారీ వాడకంలో నాకు బాగా ఉపయోగపడినది, హీటర్‌కు ఎంత శాతం కరెంటు ఇస్తున్నదో తెర మీద కనిపించడం. జనవరిలో ప్యానెల్ 70 శాతం దగ్గర, జూలైలో 25 శాతం దగ్గర నడుస్తుంది. గది అలాగే ఉండగా ఆ అంకె ఒక్కసారిగా పెరిగిందంటే ప్రోబ్ జరిగిందనో, పెట్టె తలుపు సరిగా పడలేదనో అర్థం. సెలవులకు ఇండియా వెళ్లినప్పుడు మా మిత్రులకు పాముల గురించి ఏమీ తెలియకపోయినా, రోజూ ఆ అంకెను ఫోటో తీసి పంపితే చాలునని చెప్పి నిశ్చింతగా వెళ్లగలుగుతున్నాము. ధర మాత్రం చవక పరికరాలకు ఎన్నో రెట్లు, వంద డాలర్లు దాటుతుంది.

ఎంత మంచి థర్మోస్టాట్‌కైనా ప్రోబ్ చెప్పేదే లోకం. పాము ప్రోబ్‌ను తోసి చల్లని మూలకు నెట్టితే, అక్కడ 32 డిగ్రీలు రావాలని పరికరం వెచ్చని వైపును మాడ్చేస్తుంది, అది పాడైనట్టు ఏ అలారమూ మోగదు. సక్షన్ కప్పులను నేను నమ్మను, తేమకు అవి ఊడిపోతాయి. జిగురు టేపును పెట్టె లోపల అసలు వాడకూడదు, పాము పొలుసులకు అంటుకుంటే చర్మం లేచిపోతుంది. ప్రోబ్ కొనకు ఒక అంగుళం కింద తీగను ప్లాస్టిక్ క్లిప్పుతో గోడకు స్క్రూ వేసి బిగించి, మిగిలిన తీగను వెనక రంధ్రం గుండా బయటికి తీశాను. హాలోజెన్ విషయంలో ప్రోబ్‌ను కాంతి మధ్యలో పెట్టకుండా పలక రాయి అంచున ఆనించి, రాయి ఉపరితలాన్ని తాకకుండానే ఉష్ణోగ్రత చూపే ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో కొలిచి, అక్కడ 34 వచ్చేదాకా సెట్టింగ్ మార్చాను. తెర మీది అంకె 31 ఉంటే ఉండనివ్వండి, జంతువు ఆనుకునే చోట ఉన్న వేడి ముఖ్యం. ప్రోబ్ సరిగా చెబుతున్నదో లేదో చూడాలంటే గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు, కొంచెం నీళ్లు పోసి కలిపి అందులో ముంచితే సున్నా చూపించాలి.

ఇంకో జాగ్రత్తకు పెద్దగా ఖర్చు కూడా లేదు. హీటర్ వాటేజీని అవసరానికి మించి కొనకండి. 75 వాట్లు సరిపోయే చోట 150 పెట్టి, థర్మోస్టాట్ ఉంది కదా అనుకుంటే, అది పాడైన రోజున ఆ అదనపు 75 వాట్లే జంతువు మీద పడతాయి. నిండు కరెంటులో నడిచినా హద్దును కొద్దిగానే దాటే హీటర్‌ను ఎంచుకుంటే సగం ప్రమాదం అక్కడే పోతుంది. దీనికి తోడు గోడ ప్లగ్గుకు ముందుగా ఒక ఆన్-ఆఫ్ పరికరం, దానికి హెర్ప్‌స్టాట్, దానికి హీటర్ కలిపాను. మొదటిదాన్ని మూడు డిగ్రీలు ఎక్కువకు పెట్టి, దాని ప్రోబ్‌ను విడిగా బిగించాను. మామూలుగా అది కదలదు కనుక దాని రిలే అరగదు. ఈ వరుసను తిరగేసి, డిమ్మింగ్ పరికరం వెనక ఇంకో ఎలక్ట్రానిక్ పరికరాన్ని తగిలించకూడదు.

ఇక్కడ కొన్నదాన్ని ఇండియాకు తీసుకెళ్లాలనుకునేవారు ఒకటి గమనించాలి. అమెరికాలో 120 వోల్టులు, అక్కడ 230. ప్లగ్ అడాప్టర్ ఆకారాన్ని మారుస్తుందే తప్ప వోల్టేజీని మార్చదు. పరికరం వెనక 230 వోల్టులకు పనికివస్తుందని రాసి లేకపోతే పెట్టవద్దు. హైదరాబాదులోనో విజయవాడలోనో కొనేవారు కరెంటు పోయి వచ్చాక సెట్టింగులు అలాగే నిలుస్తున్నాయో లేదో ప్లగ్ తీసి పెట్టి చూసుకోవాలి.

ఒకే చిన్న మ్యాట్ వాడేవారికి హెర్ప్‌స్టాట్ అక్కరలేదు. రెండు చవక ఆన్-ఆఫ్ పరికరాలను పైన చెప్పినట్టు ఒకదాని వెనక ఒకటి కలిపి, విడిగా అలారం ఉన్న థర్మామీటర్ ఒకటి పెట్టి, రోజూ మ్యాట్‌ను నడిపేదాన్ని రెండేళ్లకోసారి మార్చుకుంటే చాలు. హాలోజెన్, ప్యానెల్ వాడేవారు, తరచుగా ఊళ్లకు వెళ్లేవారు మాత్రం ఆ ధర పెట్టి దాన్నే కొనండి.