కాన్పు తర్వాత పొట్ట: వ్యాయామమా, టమ్మీ టక్కా?

వెల్లకిలా పడుకుని, తల కాస్త ఎత్తి, బొడ్డు పైన వేళ్లు పెట్టి చూడండి. రెండు వేళ్లకు మించి సందు తగిలితే కండరాలు విడిపోయి ఉండొచ్చు. వ్యాయామంతో చాలామందికి ఇది తగ్గుతుంది, కోత ఉండదు. కానీ నెలలు పడుతుంది. పసిబిడ్డతో రోజూ ఆ అరగంట దొరకడమే గగనం. పైగా సాగి వేలాడే చర్మాన్ని ఏ కసరత్తూ వెనక్కి లాగలేదు. చాలామంది తల్లులు సర్జరీ వైపు చూసేది అక్కడే. దాన్ని అందం మోజు అనేయడం అన్యాయం.

టమ్మీ టక్‌లో కండరాలను దగ్గరికి కుట్టి, మిగులు చర్మం తీసేస్తారు. పొత్తికడుపు మీద ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా మచ్చ మిగులుతుంది. సుమారు 6 వారాలు బరువులెత్తకూడదు, చంటిదాన్ని కూడా! నన్నడిగితే ముందు ఫిజియోథెరపిస్టును కలవమంటాను. ఇంకో బిడ్డ కావాలనుకుంటే మాత్రం సర్జరీకి ఆగాల్సిందే. మళ్లీ గర్భం వస్తే కుట్టిందంతా సాగిపోవచ్చు.